మధ్యతరగతి బతుకు యూనియన్ ఒప్పందంలో ఎక్కడ ఉంటుంది?

అడిగిన ప్రశ్న ఇది: అమెరికాలో కార్మిక సంఘాలే మధ్యతరగతిని నిలబెట్టాయని అందరూ అంటారు, ఎలా నిలబెట్టాయో మాత్రం ఎవరూ చెప్పరు. మా పనిచోట ఇప్పుడు యూనియన్ పెట్టే ప్రయత్నం జరుగుతోంది. చేరితే నిజంగా బతుకు మారుతుందా, చందా దండగేనా?

మారుతుంది. అయితే యూనియన్ అనే పేరు ఉన్నంత మాత్రాన మారదు. ఒప్పందంలో కొన్ని క్లాజులు, అంటే షరతులు, గట్టిగా ఉండాలి, వాటిని రోజూ అమలు చేయించే మనుషులు పని జరిగే చోటే ఉండాలి. ఈ రెండింటిలో ఏది లేకపోయినా చందా కడుతూనే వెనకబడిపోతారు. అలా వెనకబడ్డ సంఘాలూ ఉన్నాయి, వాటి సంగతీ చెబుతాను.

ముందు మధ్యతరగతి అంటే ఏమిటో తేల్చుకోవాలి. గంటకు ఇన్ని డాలర్లు వస్తే మధ్యతరగతి అని గీత గీస్తే అసలు విషయం చేజారిపోతుంది. ముప్పై ఏళ్ల ఇంటి అప్పు మీద సంతకం పెట్టాలంటే వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందన్న నమ్మకం కావాలి. ధరలు పెరిగితే జీతమూ కదులుతుందన్న భరోసా కావాలి, ఒక ఆపరేషన్‌తో దాచుకున్నదంతా ఊడ్చుకుపోదన్న ధీమా కావాలి. అంటే రేపు ఎలా ఉంటుందో ఈరోజే లెక్క వేసుకోగలగాలి. యూనియన్ ఇచ్చే అసలు వస్తువు ఇదే. జీతం పెంపు అందులో ఒక భాగం మాత్రమే.

చరిత్రలో ఇది జరిగిన తీరు చూడండి. 1935లో వచ్చిన వాగ్నర్ చట్టం సంఘం పెట్టుకునే హక్కును, సమష్టిగా బేరమాడే హక్కును చట్టబద్ధం చేసింది. కాగితం మీద హక్కు వచ్చినంతనే యజమానులు దిగిరాలేదు. మిషిగన్‌లోని ఫ్లింట్‌లో జనరల్ మోటార్స్ అనే కార్ల కంపెనీ కార్మికులు 1936 డిసెంబరు 30న ఫ్యాక్టరీ లోపలే కూర్చుండిపోయారు. 44 రోజుల తర్వాత, 1937 ఫిబ్రవరి 11న, కంపెనీ వాళ్ల సంఘమైన యునైటెడ్ ఆటో వర్కర్స్‌ను గుర్తించింది. 1948 ఒప్పందంలో ఆ కంపెనీ రెండు విషయాలకు ఒప్పుకుంది. ఒకటి, ధరల సూచీతో పాటు గంట వేతనం కదలడం, అంటే మన వాడుకలో కరువు భత్యం. రెండోది, ఉత్పాదకత పెరుగుతుంది కాబట్టి ఏటా ఖాయంగా కొంత పెంపు. 1950లో ఆ సంఘం అధ్యక్షుడు వాల్టర్ రూథర్ నాయకత్వంలో కుదిరిన అయిదేళ్ల ఒప్పందం వీటికి పింఛను, వైద్య బీమాలో వాటా జోడించింది. దానికే 'డెట్రాయిట్ సంధి' అని పేరు. దాని నమూనానే ఉక్కు, రబ్బరు వంటి ఇతర పరిశ్రమలూ అందుకున్నాయి. యూనియన్ రాకూడదనుకున్న కంపెనీలు సైతం తమవాళ్లు అటు చూడకుండా జీతాలు ఆ స్థాయికి దగ్గరగా పెట్టాయి. 1950ల మధ్యలో అమెరికా కార్మికుల్లో మూడోవంతు దాకా సంఘాల్లో ఉన్నారు. మిగతా రెండు వంతుల మందిలో చాలామంది ఆ నీడలో బాగుపడ్డారు.

అందరూ బాగుపడలేదన్నది కూడా అంతే నిజం. వాగ్నర్ చట్టం పొలం కూలీలను, ఇళ్లలో పనిచేసేవాళ్లను బయటే ఉంచింది. అప్పట్లో ఆ పనుల్లో పెద్ద సంఖ్యలో ఉన్నది నల్లజాతివాళ్లు. కాబట్టి మధ్యతరగతి తలుపు అందరికీ ఒకేలా తెరుచుకోలేదు.

ఇక ఇప్పటి లెక్కలు. 2023 ఆగస్టులో అమెరికా ట్రెజరీ శాఖ వెలువరించిన నివేదిక ప్రకారం, సంఘం ఉంటే సభ్యుల వేతనం పది నుంచి పదిహేను శాతం ఎక్కువ. జీతం ఒక్కటే చూస్తే ఇది మరీ పెద్ద తేడాగా అనిపించకపోవచ్చు. పింఛను, బీమా, ఇష్టం వచ్చినట్టు తీసేయకుండా ఉండే రక్షణ కూడా కలిపి చూసినప్పుడే అసలు తేడా తెలుస్తుంది. బ్రూస్ వెస్టర్న్, జేక్ రోజెన్‌ఫెల్డ్ అనే సమాజశాస్త్రవేత్తలు 1973 నుంచి 2007 దాకా లెక్కలు తీశారు. ఆ కాలంలో ప్రైవేటు రంగంలో సంఘాల్లో ఉన్న మగవాళ్ల వాటా 34 శాతం నుంచి 8 శాతానికి పడిపోయింది. మగవాళ్ల వేతనాల్లో పెరిగిన అసమానతలో మూడోవంతుకు, ఆడవాళ్ల విషయంలో అయిదోవంతుకు ఈ పతనమే కారణమని వాళ్లు తేల్చారు.

ఇప్పుడు క్లాజుల్లోకి దిగుదాం. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

గంటకు 30 డాలర్లు వచ్చే మనిషిని తీసుకోండి. 2020 డిసెంబరులో మూడేళ్ల ఒప్పందం కుదిరింది, ఏటా 3 శాతం పెంపు. ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టి ఉంటారు. మూడేళ్ల తర్వాత గంటకు 32.78 డాలర్లు అయింది. ఈలోపు ధరలు 2021లో 7 శాతం, 2022లో 6.5 శాతం, 2023లో 3.4 శాతం పెరిగాయి. మూడూ కలిపితే దాదాపు 17.8 శాతం. మొదటి రోజున్న కొనుగోలు శక్తి నిలవాలంటే గంటకు 35.35 డాలర్లు రావాలి. తేడా 2.57 డాలర్లు. ఏడాదికి 2,080 పనిగంటల లెక్కన సుమారు 5,300 డాలర్లు. ఇంత నష్టం జరిగినా ఎవరూ ఒప్పందాన్ని ఉల్లంఘించలేదు, అంతా రాసుకున్న ప్రకారమే జరిగింది. కరువు భత్యం క్లాజు లేని ఒప్పందం చేసే పని ఇది. అందుకే పెంపు ఒక శాతం తగ్గినా సరే, సూచీకి కట్టిన భత్యం ముందు అడగమంటాను. ఆ క్లాజులో మూడు మాటలు సరిచూడాలి. ఏ సూచీ, ఎన్ని నెలలకోసారి లెక్క, గరిష్ఠ పరిమితి ఉందా. మూడో మాట దగ్గరే మోసం ఎక్కువ. '2 శాతానికి మించకుండా' అన్న చిన్న వాక్యం ఉంటే, భత్యం నిజంగా అవసరమైన ఏడాదే అది పనికిరాకుండా పోతుంది.

రెండోది సంతకపు బోనస్. '3,000 డాలర్లు ఒకేసారి ఇస్తాం, ఈ ఏడాది పెంపు వద్దు' అంటారు. 30 డాలర్ల మనిషికి ఏడాది జీతం 62,400. అందులో 4 శాతం పెంపు అంటే 2,496 డాలర్లు. మొదటి ఏడు బోనసే లాభంగా కనిపిస్తుంది. కానీ పెంపు మూలవేతనంలో కలిసి ఉండిపోతుంది. ఇరవై ఏళ్లు పనిచేస్తే అదొక్కటే దాదాపు 50,000 డాలర్లు. ఆపైన ఓవర్‌టైం, పింఛను, తర్వాతి పెంపులు అన్నీ దాని మీదే లెక్క కడతారు. బోనస్ పండగ దాటగానే అయిపోతుంది.

మూడోది వైద్య బీమా. కుటుంబ బీమా ప్రీమియం ఏడాదికి 25,000 డాలర్లు అనుకుందాం. మీ వాటా 10 శాతం నుంచి 20కి పెరిగితే మీ జేబులోంచి అదనంగా పోయేది 2,500. పైన చెప్పిన మనిషికి 3 శాతం పెంపు వల్ల వచ్చేది 1,872. పన్నుల సంగతి పక్కన పెట్టినా, జీతం పెరిగి ఇంటికి వచ్చే డబ్బు తగ్గింది. కాబట్టి జీతం పేజీని ఒక్కదాన్నే ఎప్పుడూ చదవకండి. జీతం పేజీ, బీమా పేజీ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది రెండంచెల వేతనం. 'ఇప్పుడున్నవాళ్లకు ఏమీ తగ్గదు, కొత్తగా వచ్చేవాళ్లకు మాత్రం తక్కువ స్కేలు.' ఓటు వేసేది ఇప్పుడున్నవాళ్లే, రాబోయేవాళ్లకు ఓటు లేదు. అందుకే ఇది సులువుగా నెగ్గుతుంది. కార్ల పరిశ్రమలో 2007లో ఇదే జరిగింది. కొత్తవాళ్లకు గంటకు 14 డాలర్ల దగ్గర మొదలైంది, పాతవాళ్ల వేతనంలో దాదాపు సగం. 2009లో కంపెనీలు దివాలా అంచున ఉన్నప్పుడు కరువు భత్యాన్నీ వదులుకున్నారు. ఒకే లైన్ మీద ఒకే బోల్టు బిగించే ఇద్దరికి రెండు జీతాలు ఉన్నప్పుడు, కొత్తవాడు సంఘాన్ని ఎందుకు నమ్మాలి? 2023 సెప్టెంబరు 15న మొదలై సుమారు ఆరు వారాలు సాగిన సమ్మెలో 25 శాతం పెంపు పేరే పత్రికల్లో మారుమోగింది. నా దృష్టిలో అంతకన్నా పెద్ద గెలుపులు కరువు భత్యం తిరిగి రావడం, పూర్తి స్కేలు అందుకోవడానికి పట్టే కాలం ఎనిమిదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గడం. పోయిన మధ్యతరగతి జీతం కొత్తతరానికి తిరిగొచ్చింది వాటితోనే.

జీతం తర్వాత ఉద్యోగ భద్రత. యూనియన్ లేని చోట, దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ, చట్టం ప్రత్యేకంగా నిషేధించిన కారణాలు తప్పిస్తే, యజమాని దాదాపు ఏ కారణంతోనైనా, కారణం చెప్పకుండానైనా తీసేయవచ్చు. ఒప్పందంలో 'న్యాయమైన కారణం లేకుండా శిక్షించరాదు, తొలగించరాదు' అన్న ఒక్క వాక్యం ఉంటే భారం తిరగబడుతుంది. నియమం ముందే తెలియజెప్పారా, విచారణ నిష్పాక్షికంగా జరిగిందా, అదే తప్పుకు ఇతరులకూ ఇదే శిక్ష వేశారా, తప్పుకు తగ్గ శిక్షేనా అని రుజువు చేసుకోవాల్సింది యజమాని.

ఆ వాక్యానికి ప్రాణం పోసేది గ్రీవెన్స్, అంటే ఒప్పందాన్ని ఉల్లంఘించారని సంఘం వేసే రాతపూర్వక ఫిర్యాదు. అనుభవం లేని స్టీవార్డులు, అంటే పనిచోట ఉండే యూనియన్ ప్రతినిధులు, ఇక్కడే కేసులు పోగొడతారు, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మొదటి శత్రువు గడువు. చాలా ఒప్పందాల్లో ఘటన జరిగిన అయిదు నుంచి పదిహేను పనిదినాల్లోపే దాఖలు చేయాలి. ఒక్క రోజు దాటినా, ఎంత న్యాయమున్నా, తీర్పు చెప్పే మధ్యవర్తి అయిన ఆర్బిట్రేటర్ తలుపు దగ్గరే ఆపేయవచ్చు. మేనేజరు 'మాట్లాడుకుందాం, ఒక వారం ఆగండి' అంటే గడువు పొడిగిస్తున్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి. ఇవ్వకపోతే దాఖలు చేసేసి, ఆ తర్వాత మాట్లాడండి. ఫారంలో కథ రాయకండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది అని నాలుగైదు వాక్యాలు చాలు. ఒప్పందంలో ఉల్లంఘన జరిగిన భాగాన్ని, ఉదాహరణకు 'ఆర్టికల్ 12, దీనికి వర్తించే ఇతర ఆర్టికల్స్' అని రాయండి. ఒక్క ఆర్టికల్ పేరే రాస్తే తర్వాత ఆ గోడల మధ్యే ఇరుక్కుపోతారు. పరిహారం దగ్గర 'శిక్షను రద్దు చేసి, కోల్పోయిన జీతం, సీనియారిటీ, ఇతర ప్రయోజనాలు అన్నీ తిరిగి ఇవ్వాలి' అని రాయండి. కోపం, తిట్లు, మేనేజరు గుణగణాలు అందులోకి రానివ్వకండి. ఆ కాగితం రెండేళ్ల తర్వాత ఆర్బిట్రేటర్ చేతికి వెళ్లవచ్చు. అదే రోజు కంపెనీకి సమాచారం కోరుతూ లేఖ పెట్టండి: హాజరు రికార్డులు, ఇలాంటి తప్పుకు గత మూడేళ్లలో ఎవరెవరికి ఏ శిక్ష వేశారు అన్నవి. సంఘం పనికి అవసరమైన సమాచారం ఇవ్వడం యజమాని బాధ్యత.

ఆర్డరు తప్పుగా ఉందనిపిస్తే పని ఆపేయడం మరో పొరపాటు. ముందు చెప్పిన పని చేయాలి, తర్వాత గ్రీవెన్స్ వేయాలి. ప్రాణాపాయం ఉన్న పని ఒక్కటే దీనికి మినహాయింపు. లేదంటే అసలు విషయం మరుగునపడి, మాట వినలేదన్న నేరమే కేసవుతుంది. విచారణకు పిలిచినప్పుడు 'ఇది శిక్షకు దారితీయవచ్చా? అయితే నా యూనియన్ ప్రతినిధి కావాలి' అని నోరు తెరిచి అడగండి. 1975 నాటి వైన్‌గార్టెన్ తీర్పు ఇచ్చిన హక్కు ఇది. అడిగితేనే ఉంటుంది. మీకు ఈ హక్కు ఉందని గుర్తుచేయాల్సిన బాధ్యత మేనేజరుకు లేదు.

మీ దగ్గర ఇంకా సంఘం రాలేదు కాబట్టి దాని మెట్లు కూడా. యూనియన్ కావాలంటూ సంతకం, తేదీ ఉన్న కార్డులు 30 శాతం మంది ఇస్తే, ఈ ఎన్నికలు నడిపే ప్రభుత్వ సంస్థ అయిన జాతీయ కార్మిక సంబంధాల బోర్డు దగ్గర ఎన్నిక కోరవచ్చు. కానీ 30తో వెళ్లకండి, 51తో కూడా వద్దు. అనుభవమున్న సంఘాలు 65 నుంచి 70 శాతం దాటేదాకా ఆగుతాయి. ప్రచారం మొదలయ్యాక యజమాని తరఫువాళ్లు ఒక్కొక్కరిని పిలిచి మాట్లాడతారు, భయపెడతారు, హఠాత్తుగా కాఫీ యంత్రాలు మారతాయి, జీతాలు పెంచుతామంటారు. మద్దతు తప్పకుండా కొంత జారుతుంది. ప్రతి షిఫ్టు నుంచీ, ప్రతి విభాగం నుంచీ తోటివాళ్లు గౌరవించే మనిషి కమిటీలో ఉండాలి. బాగా మాట్లాడేవాళ్లు, బాగా పనిచేసేవాళ్లు వేరువేరుగా ఉంటారు. అందరూ సందేహం వస్తే ఎవరి దగ్గరికి వెళ్తారో వాళ్లను పట్టుకోండి. సూపర్‌వైజర్లను దూరంగా ఉంచండి. వాళ్లు కార్డులు సేకరిస్తే అవి చెల్లవని సవాలు చేసే వీలు కంపెనీకి దొరుకుతుంది. ఎన్నికలో లెక్కకు వచ్చేది పోలైన ఓట్లలో మెజారిటీ.

గెలిచిన రాత్రి సంబరం చేసుకోండి, కానీ ఆట అప్పుడే మొదలైంది. నిజాయితీగా బేరమాడాలని చట్టం యజమానికి చెబుతుందే గాని, ఒప్పుకోమని చెప్పదు. మొదటి ఒప్పందానికి ఏడాదికి పైగా పట్టడం మామూలే. గుర్తింపు వచ్చాక ఏడాది దాకా దాన్ని ఎవరూ సవాలు చేయలేరు. ఆ ఏడాది దాటి ఒప్పందం లేకపోతే 30 శాతం సంతకాలతో సంఘాన్ని తీసేయమని ఎన్నిక కోరవచ్చు. యజమాని తరఫు లాయర్లు సాగదీసేది ఆ తేదీ కోసమే. కాబట్టి బేరం గదిలో ఏం జరిగిందో ప్రతి వారం అందరికీ తెలియాలి, కమిటీ మాత్రమే మోసే పనిగా మారిపోకూడదు. చాలా సంఘాల్లో మొదటి ఒప్పందం మీద సభ్యులు ఓటు వేసేదాకా చందా మొదలవదు. ఆ తర్వాత సాధారణంగా జీతంలో ఒకటి రెండు శాతం, లేదా నెలకు రెండు రెండున్నర గంటల జీతం.

బేరంలో ఒక మాట కోసం చెవులు రిక్కించి వినండి. యజమాని 'ఇవ్వలేం, మా దగ్గర డబ్బు లేదు' అన్నాడంటే, 1956 నాటి ట్రూయిట్ తీర్పు ప్రకారం లెక్కల పుస్తకాలు చూపించమని అడిగే హక్కు వస్తుంది. 'ఇవ్వదలుచుకోలేదు', 'పోటీలో వెనకబడతాం' అంటే ఆ హక్కు రాదు. మంచి లాయరున్న కంపెనీ మొదటి మాట ఎన్నడూ అనదు. పొరపాటున ఎవరైనా అంటే తేదీ, సమయం, అన్నది ఎవరో అక్కడికక్కడే రాసుకుని, ఆ రోజే ఉత్తరం పంపండి.

సమ్మె గురించి ఒక్కటి చెప్పాలి. జీతం కోసం చేసే సమ్మెలో మీ స్థానంలో శాశ్వతంగా వేరేవాళ్లను పెట్టుకోవచ్చని 1938లోనే సుప్రీంకోర్టు చెప్పింది. యజమాని చట్టవిరుద్ధ చర్యలకు నిరసనగా చేసే సమ్మెలో అలా పెట్టుకోకూడదు. కాబట్టి సమ్మె ఓటుకు ముందే ఆ చర్యల ఫిర్యాదులు బోర్డు దగ్గర దాఖలై ఉండాలి, సమ్మె కారణాల్లో అవి స్పష్టంగా కనిపించాలి. సమ్మె రోజుల్లో కంపెనీ బీమా ఆపేయవచ్చు. ఇంట్లో మందులు వాడేవాళ్లున్న కుటుంబాల జాబితా ముందే తయారుచేసుకోండి. జీతం లేకపోవడమే కాదు, ఒక ఇంట్లో ఇన్సులిన్ అయిపోవడం కూడా సమ్మెను విరగ్గొట్టవచ్చు.

ఇంత పనిచేసిన వ్యవస్థ ఎందుకు కుంచించుకుపోయింది? 2024లో సంఘాల్లో ఉన్నవాళ్లు 9.9 శాతం, ప్రైవేటు రంగంలో 5.9 శాతమే. ఫ్యాక్టరీలు తరలిపోవడం, యంత్రాలు రావడం ఒక కారణం, కాదనను. కానీ అదే గాలి తగిలిన కొన్ని ఇతర దేశాల్లో ఇంత పతనం లేదు. ఇక్కడ చట్టమే బలహీనం. 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం, ఒప్పంద ప్రయోజనాలు పొందుతూ చందా కట్టనక్కర్లేదని శాసించే అవకాశం రాష్ట్రాలకు ఇచ్చింది. ఇప్పుడు 26 రాష్ట్రాల్లో ఆ నియమం ఉంది. కట్టనివాళ్ల గ్రీవెన్స్‌లు కూడా సంఘం న్యాయంగా నడిపి తీరాలి. 1981లో ప్రభుత్వమే సమ్మెలో ఉన్న 11,000 మందికి పైగా విమాన రాకపోకల నియంత్రకులను తొలగించింది. ప్రైవేటు యజమానులకు అంతకన్నా స్పష్టమైన సంకేతం ఇంకేం కావాలి? సంఘం పెట్టినందుకు ఒకరిని తీసేస్తే వాగ్నర్ చట్టం కింద జరిమానా లేదు. ఇవ్వాల్సింది ప్రధానంగా పోయిన జీతం, అందులోంచి ఈలోపు వేరే చోట సంపాదించింది తీసేసి. అదీ ఏళ్ల తర్వాత. కొన్ని కంపెనీలకు అది వ్యాపార ఖర్చులో ఒక పద్దు.

స్వీడన్‌లో చట్టబద్ధ కనీస వేతనమే లేదు, అయినా పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి సమష్టి ఒప్పందం వర్తిస్తుంది. అక్కడ బేరం పరిశ్రమ మొత్తానికి జరుగుతుంది. అమెరికాలో కంపెనీకొకటి, ఒక్కోసారి భవనానికొకటి. మంచి జీతం ఇచ్చిన కంపెనీ ఇవ్వని పక్క కంపెనీ ముందు ఓడిపోతుందన్న భయం ఇక్కడ నిజమే. అక్కడ ఆ భయానికి చోటు తక్కువ. ఫ్రాన్స్‌లో సంఘ సభ్యులు పదోవంతు మాత్రమే, అయినా ఒప్పందాలను ప్రభుత్వం పరిశ్రమంతటికీ విస్తరించడం వల్ల దాదాపు అందరికీ అవి వర్తిస్తాయి.

మీ పనిచోటికి వస్తే, కార్డు మీద సంతకం పెట్టే ముందు ఆ సంఘం మీలాంటి పనిచోట ఈ మధ్య కుదుర్చుకున్న ఒప్పందం ప్రతి ఒకటి అడగండి. దాచాల్సిన అవసరం వాళ్లకు లేదు. వేతన స్కేలు పైమెట్టు చేరడానికి ఎన్నేళ్లు, కొత్తవాళ్లకు వేరే స్కేలు ఉందా, కరువు భత్యానికి పరిమితి ఎంత, బీమాలో కార్మికుల వాటా ఏటా ఎలా మారుతుంది, గ్రీవెన్స్ గడువు ఎన్ని రోజులు అన్న అయిదూ పెన్సిల్‌తో గీసుకోండి. తర్వాత అక్కడి స్టీవార్డు ఒకరికి ఫోన్ చేసి, పోయిన ఏడాది ఎన్ని గ్రీవెన్స్‌లు వేశారో, ఎన్ని ఆర్బిట్రేషన్ దాకా వెళ్లాయో అడగండి. ఒక్కటీ వేయలేదన్న జవాబు వస్తే, అక్కడ తప్పులే జరగలేదని అనుకోకండి.